తెల్ల కణాలు చావకపోతే మంచిదేనా?

"మా వారికి 52 ఏళ్లు. రోజుకొక పెట్టె సిగరెట్లు కాలుస్తారు. అమెరికా నుంచి మా అబ్బాయి యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సీసా పంపాడు. 'ఇవి తెల్ల కణాలను చావకుండా కాపాడతాయి, ఇక సిగరెట్టు నన్నేమీ చేయదు' అంటున్నారు. నిజమేనా డాక్టరు గారూ?" అని ఒక సోదరి రాశారు. సీసా మీద బీటా కెరోటిన్, విటమిన్ ఇ, విటమిన్ సి అని ఉందట.

అమ్మా, ముందు ఆ సీసాను పక్కన పెట్టించండి. కారణం చెబుతాను.

తెల్ల కణాలు చావకూడదనుకోవడమే పొరపాటు. మన ఎముకల మూలుగలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు రోజుకు సుమారు 10,000 కోట్లు పుడతాయి. అవి సూక్ష్మజీవులను మింగి, ఆక్సిజన్ నుంచి తయారయ్యే ఘాటైన పదార్థాలతో వాటిని చంపుతాయి. పని అయ్యాక తమ చావును తామే ఏర్పాటు చేసుకుంటాయి. ముడుచుకుపోయిన ఆ కణాలను వేరే కణాలు మింగి శుభ్రం చేస్తాయి. ఈ పద్ధతైన చావుకు 1972లో ఎపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆకు రాలడమని ఆ గ్రీకు మాటకు అర్థం. అలా కాక కణం పగిలి చస్తే, లోపలి సరుకంతా చుట్టూ కారి వాపు ఎక్కువవుతుంది.

లింఫోసైట్లనే మరో రకం తెల్ల కణాలు జబ్బు చేసినప్పుడు విపరీతంగా పెరిగి, తగ్గాక చాలావరకు చచ్చిపోతాయి. ఫాస్ అనే జన్యువులో పుట్టుకతో లోపమున్న పిల్లల్లో ఆ చావు సరిగా జరగదు. అందువల్ల వాళ్లకు బలం పెరుగుతుందా? లేదు. మెడలో బిళ్లలు కడతాయి, ప్లీహం ఉబ్బుతుంది, సొంత రక్తకణాల మీదికే దాడి మొదలవుతుంది.

ఇక యాంటీ ఆక్సిడెంట్ల సంగతి. పొగ వంటి వాటివల్ల ఆ ఘాటు పదార్థాలు మితిమీరితే పనికొచ్చే కణాలూ చస్తాయి. అప్పుడు యాంటీ ఆక్సిడెంట్లు కొంత అడ్డుపడతాయన్నది ప్రయోగశాలల్లో చూసినదే. మీ వారి మాటలో నిజం ఇంతవరకే. అయితే ఆ ఘాటు పదార్థాలే న్యూట్రోఫిల్‌కు ఆయుధం, పని అయ్యాక చావుకు సంకేతం కూడా. వాటిని తయారు చేసుకోలేని జబ్బుతో పుట్టిన పిల్లలకు మాటిమాటికీ చీముగడ్డలు లేస్తాయి.

విచిత్రమేమిటంటే, విటమిన్ సి బొత్తిగా లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్ పద్ధతిగా చావలేకపోయాయి. అంటే ఒకే పదార్థం ఒకచోట కణాన్ని కాపాడుతుంది, మరొకచోట సక్రమంగా చావనిస్తుంది. "ఎంత ఎక్కువైతే అంత మేలు" అన్న లెక్క ఇక్కడ కుదరదు.

పొగతాగేవారి విషయంలో ఇది మరీ ప్రమాదం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద ఏళ్ల తరబడి పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అమెరికాలో బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చిన ఇలాంటి పరీక్షలోనూ ఆ క్యాన్సర్ పెరగడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. దెబ్బతిని చావవలసిన కణాలను కూడా మాత్రలు బ్రతికిస్తున్నాయేమోనన్న అనుమానం ఉంది. అదొక్కటే కారణమని మాత్రం తేలలేదు.

క్యారెట్లు, ఆకుకూరలు మానమని కాదు. కూరలో ఉన్న కెరోటిన్‌తో ఈ భయం లేదు. పొగతాగేవారి ఒంట్లో విటమిన్ సి తక్కువగా ఉంటుంది. రోజూ ఒక జామకాయ తింటే ఆ లోటు తీరుతుంది. సీసా కొనే డబ్బుతో వీధి చివర బండి మీది జామకాయలు ఎన్ని వస్తాయో మీ వారినే లెక్కవేయమనండి.

సిగరెట్టు మానడానికి మాత్రం ఏ మాత్రా ప్రత్యామ్నాయం కాదు. మీ ఉత్తరంలో "పొద్దున్నే దగ్గుతారు" అని కూడా రాశారు. ఆ దగ్గు రెండు వారాలు దాటి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తీయించండి. వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.