కొండదారి యెవరిది?

కొండలలో నిశ్శబ్దము సహజముగా నుండునని మనము తలచుచుందుము. ఆల్పు పర్వతములలో సైకిలుపై సంచరించి వచ్చినవారి మాటలు విన్నప్పుడు ఈ తలంపు మఱింత బలపడును. పచ్చికబయళ్లలో ఆవుల మెడగంటలు, వాగుల సవ్వడి, తన యూపిరి చప్పుడు తప్ప వేఱు ధ్వని వినబడని దారులు అచ్చట గలవనియు, గంటసేపు ఎక్కినను ఒక్క మోటారుకారైన నెదురుపడదనియు వారు చెప్పుదురు. అట్టి దారులు గలవు. కాని వానిని పర్వతము ప్రసాదింపలేదు. ప్రతి నిశ్శబ్దమైన దారి వెనుకను ఒక తగవో, ఒక తీర్మానమో, ఒక శాసనమో గలదు. స్విట్జర్లాండు చరిత్రమును పరిశీలించినవారి కీ సంగతి స్పష్టమగును.

ఆ దేశమున కాంటనులని పిలువబడు స్వపరిపాలిత మండలములు 26 గలవు. వానిలో విస్తీర్ణమున పెద్దది గ్రౌబ్యుండెన్. 1900 ఆగష్టు 17వ తేదీన ఆ మండల ప్రభుత్వము తన దారులన్నిటిపై మోటారుబండ్లను నిషేధించెను. మూఢత్వముచే నట్లు చేసిరని నవ్వువారు నాటి స్థితిని తెలిసికొనవలెను. కనుమదారులు ఇఱుకైనవి, ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ. వానిపై తపాలాబండ్లను గుఱ్ఱములు లాగుచుండెను. మోటారు మ్రోతకు గుఱ్ఱము బెదరినచో బండియు, బండిలోని మనుష్యులును లోయపాలు కావలసినదే. దారులను వేసి బాగుచేయు భారము స్థానికులది. దుమ్ము రేపుకొనుచు పోవు సుఖము వచ్చిపోవు ధనికులది. ఆ నిషేధము 25 సంవత్సరములు నిలిచెను. దానిని తొలగింతుమా యని ప్రజలను పలుమాఱు అడిగిరి. ప్రజలు పలుమాఱు వలదనిరి. ఆ కాలమున మోటారులో వచ్చినవారు ఇంజనును ఆపి, బండికి గుఱ్ఱములను కట్టించుకొని ఆ సీమను దాటవలసి వచ్చెను. తుదకు 1925 జూన్ 21వ తేదీన జరిగిన ఓటులో నిషేధము తొలగెను.

ఈ వ్యాజ్యెమున ఉభయపక్షములకును న్యాయము గలదు. రోగియొద్దకు వైద్యుడు త్వరగా చేరవలెననుట తప్పు కాదు. దూరపు పల్లెలకు సరకులు సులభముగా రావలెననుటయు తప్పు కాదు. 1900వ సంవత్సరపు నిషేధమును మరల తేవలెనని మేము వాదించుటలేదు. ఆ పల్లెవారు “దారి యెవరిది?” యను ప్రశ్నను బహిరంగముగా వేసికొని, దానికి తామే ప్రత్యుత్తరము చెప్పుకొనిరి, మేము గమనింపగోరునది ఇదియే. తప్పైనను ఒప్పైనను అది వారి తీర్పు. నేడు అనేక దేశములలో ఈ ప్రశ్నను ఎవరును వేయకయే కొండదారులు మోటారుల వశమగుచున్నవి. ఓటు లేదు, తీర్మానము లేదు. అనుభవమే హక్కుగా పరిణమించుచున్నది. దీర్ఘకాలానుభవమువలన హక్కు సిద్ధించుట న్యాయవాదులకు తెలియని విషయము కాదు. ఎదుటిపక్షము నోరు మెదపక యూరకుండుటచేతనే యట్లు సిద్ధించుననియు వారికి తెలియును.

నిషేధము పోయినను ఆ దేశమువారు దారులనన్నిటిని మోటారులకు విడిచిపెట్టలేదు. వారు దారులను పంచుకొనిరి. ఆ పంపకము మూడు విధములుగా కనబడుచున్నది.

మొదటిది చోటునుబట్టి పంచుట. బెర్న్ మండలమున గ్రిండెల్‌వాల్డ్, మైరింగెన్ అను నూళ్ల నడుమ 1962 మీటర్ల యెత్తున గ్రోసె షైడెగ్ అను కనుమ గలదు. వెటర్‌హార్న్ శిఖరపు నిట్టనిలువు గోడ క్రిందుగా పోవు ఆ దారి చక్కని తారురోడ్డే. ఐనను కనుమమీద సొంత మోటారులకు ప్రవేశము లేదు. మైరింగెన్ వైపునుండి వచ్చు కారు ష్వార్ట్స్‌వాల్డ్ ఆల్ప్ అను చోట ఆగిపోవలసినదే. వేసవిలో పసుపుపచ్చని తపాలాబస్సు కనుమను దాటును. మిగిలిన దారియంతయు సైకిలువానిది, పాదచారిది. గ్రిండెల్‌వాల్డ్ 1034 మీటర్ల యెత్తున నున్నది గనుక ఆ వైపునుండి తొమ్మిదివందల మీటర్లకు పైగా ఎక్కవలెను. కాళ్లు నొచ్చును గాని గుండె బెదరదు.

రెండవది దినమునుబట్టి పంచుట. ష్విట్స్, గ్లారుస్ మండలముల నడుమ నున్న ప్రాగెల్ కనుమ 1799లో రష్యా సేనాని సువోరోవ్ తన సైన్యముతో దాటిన త్రోవ. నేడు గ్లారుస్ వైపున ఈ దారి శని, ఆదివారములలో మోటారులకు మూయబడును. మిగిలిన యైదు దినములు వారివి. రెండు దినముల విరామముకొఱకు ఎవరి యాస్తియు హరింపబడలేదు.

మూడవది క్రొత్తదారిని పాతదారినుండి వేఱుచేయుట. గోట్‌హార్డ్ కొండ క్రింద 1882లో రైలు సొరంగము, 1980 సెప్టెంబరు 5వ తేదీన సుమారు 17 కిలోమీటర్ల మోటారు సొరంగము తెఱవబడెను. లారీలు కొండగర్భమున దూరెను. కనుమకు దక్షిణమున, ఐరోలోవైపు, ట్రెమోలా యను పాతదారి రాతిపఱపుతో, 24 మలుపులతో పామువలె దిగును. కార్ల కొఱకు వేఱొక వాలుపై క్రొత్తదారి యేర్పడుటచేత ఆ రాతిదారి ఇంచుమించుగా సైకిలువారికే మిగిలెను. 1967లో సాన్ బెర్నార్డినో సొరంగము తెఱవబడిన పిమ్మట 2066 మీటర్ల యెత్తుననున్న ఆ కనుమదారికిని ఇట్టి విశ్రాంతియే లభించెను. సెలవుదినములలో మోటారుసైకిళ్ల మ్రోత అచ్చట నిప్పటికిని పూర్తిగా తప్పదు. ఐనను భారమైన బండ్లు తొలగినవి.

అయితే సొరంగము శిఖరమునకు శాంతిని, లోయకు రొదను ఇచ్చెను. లోయలోని పల్లెల ప్రక్కనుండి రాత్రింబవళ్లు బండ్లు పరుగిడసాగెను. అందుపై 1994 ఫిబ్రవరి 20వ తేదీన ప్రజలు ఓటువేసి, దేశము నీవలినుండి యావలికి దాటిపోవు సరకు రైలుపైననే పోవలెనని రాజ్యాంగమున వ్రాయించిరి. అనుకూలురు నూటికి 51.9 మంది మాత్రమే, ఐనను నెగ్గిరి. 2016 జూన్ 1వ తేదీన 57 కిలోమీటర్ల క్రొత్త రైలు సొరంగము తెఱవబడెను. ఆల్పులు దాటు లారీలు ఏటికి 650000కు మించరాదని చట్టము పెట్టిన గడువు 2018. ఆ గడువులోపల ఆ సంఖ్య అందలేదు. శాసనము వ్రాసినంతనే కార్యము సిద్ధింపదనుటకు ఇది సాక్ష్యము. కాని శాసనమే లేనిచో “మీరు మాట తప్పితిరి” యని ప్రభుత్వమును నిలదీయుటకు ప్రజలకు ఆధార మేది?

సైకిలుదారుల విషయమునను ఇదే న్యాయము. 1998లో స్విట్జర్లాండువారు దేశమంతట తొమ్మిది దూరపు సైకిలు మార్గములను గుర్తించి ఎఱ్ఱపలకలు నాటిరి. మెచ్చదగిన పని. కాని పలక నాటుట సులభము, దారి వేయుట కష్టము. పలక చూపిన చోట లారీ యుండిన బాలుడు పోగలడా, వృద్ధుడు పోగలడా? ఈ కొఱతను తీర్చుటకే 2018 సెప్టెంబరు 23వ తేదీన సైకిలుదారులను రాజ్యాంగమున చేర్చు ప్రతిపాదనపై ఓటు జరిగెను. నూటికి 73.6 మంది అనుకూలించిరి. కాలిబాటలకు 1979లోనే ఇట్టి రక్షణ లభించియుండెను. ఇప్పుడు సైకిలు వాని సరసన చేరెను. 2023 జనవరి 1వ తేదీన అమలునకు వచ్చిన చట్టము ప్రకారము కాంటనులు 2027 తుదికి పథకములు సిద్ధము చేయవలెను. 2042 తుదికి దారులు పూర్తి కావలెను. పథకములో చేరిన దారిని ఏ కారణముచేతనైన తీసివేసినచో దానికి బదులు తగిన దారిని చూపవలెను. ఈ కడపటి నిబంధన చిన్నదిగా కనబడును గాని విలువ దానియందే గలదు. అంతవఱకు దయగా నున్నది నేడు విధి యయ్యెను.

కొండవారి జీవనము మోటారు యాత్రికులపై నాధారపడినది గదా యని కొంద ఱాక్షేపింతురు. త్సెర్మాట్ గ్రామమును చూడుడు. పెట్రోలు కార్లలో వచ్చినవారు వానిని ట్యాష్ అను నూరిలో విడిచి రైలెక్కి రావలెను. అందువలన త్సెర్మాట్ సత్రములు వెలవెలబోలేదు. ఆ నిశ్శబ్దము కొఱకే అచ్చటికి వచ్చువారును గలరు. వృద్ధులు, రోగులు ఏమి కావలెనందురా? గ్రోసె షైడెగ్ మీద బస్సు నడచుచునే యున్నది. ఎవరును ఇంట కూర్చుండవలసిన పనిలేదు. ప్రతివాడును తన కారును వెంట గొనిపోవుట మాత్రమే కూడదు. సైకిలువానికిని ధర్మము గలదు. విద్యుత్తు సైకిళ్లు ప్రబలిన ఈ దినములలో ఇఱుకైన కాలిబాటపై వేగముగా దిగువాడు పాదచారికి మోటారువంటివాడే. తాను కోరిన మర్యాదను తనకంటె మెల్లగా నడచువానికి ఈయనివాడు దారిపై హక్కు నడుగుటకు అర్హుడు కాడు.

కొండలున్న ప్రతి దేశమునకును ఈ వృత్తాంతము వర్తించును. కనుమదారిని వెడల్పు చేయుటకు తీర్మానము వచ్చినప్పుడెల్ల, నిరూపణభారము వెడల్పు కోరువానిపై నుండవలెను. ఎవరికొఱకు వెడల్పు? పాతదారి యేమి కాగలదు? ఆ కొండలలో బ్రతుకువారిని అడిగితిరా? ఈ మూడు ప్రశ్నలకు సభలో, పత్రములపై ప్రత్యుత్తరము వచ్చినదాక పలుగు నేల తగులరాదు. ఒకమాఱు పేల్చిన కొండ మరల నతుకదు. మోటారులకు విడిచిన దారిని తిరిగి రాబట్టుకొనుటకు తరములు పట్టును. ముందే పంచుకొనుటకు ఒక్క దినపు ఓటు చాలును. గ్రౌబ్యుండెన్ రైతులు 1900లో చెప్పిన యుత్తరమును మనము త్రోసివేయవచ్చును. వారు వేసిన ప్రశ్నను త్రోసివేయుటకు మాత్రము ఎవరికిని అధికారము లేదు.