మాట వెనుక మాట : ఎమెనిటీ

పట్నాల్లో ఇళ్ల అమ్మకపు ప్రకటనలు చూడండి. గదుల లెక్క ముగియగానే ‘ఎమెనిటీస్’ అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద లిఫ్టు, జనరేటరు, కారు నిలుపుకొనే చోటు, ఈతకొలను, ఇలా ఒక పట్టీ. హోటల్లో దిగితే స్నానాల గదిలో పెట్టే చిన్న సబ్బుబిళ్లనూ, వేలెడంత షాంపూ సీసానూ కూడా ఆ వ్యాపారంలోని వారు ఎమెనిటీస్ అనే అంటారు. సబ్బుబిళ్ల దాకా దిగివచ్చిన ఈ మాట ఒకప్పుడు దర్జాగా బతికిన మాటే. దాని పుట్టుపూర్వోత్తరాలు కాస్త విచారిద్దాం.

ఇంగ్లీషులోకి ఇది ఫ్రెంచి మీదుగా వచ్చింది. మూలం లాటిను. ‘అమోయ్నుస్’ అంటే మనసుకు హాయి గొలిపేది అని అర్థం. రోమనులు ఈ విశేషణాన్ని ముఖ్యంగా చోట్లకు వాడేవారు. నీడా, నీరూ, పచ్చికా ఉన్న తోట. చల్లగాలి వీచే ఏటిగట్టు. సముద్రపు ఒడ్డు, ఇలాంటివి.

ఈ మాట ఎలా పుట్టిందన్న విషయంలో రోమను పండితులలోనే రెండు పక్షాలున్నాయి. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో జీవించిన వర్రో దీన్ని ప్రేమకు ముడిపెట్టాడు. చూసినవాడి చేత తన్ను ప్రేమింపజేసుకుంటుంది గనుక ఆ చోటికి ఆ పేరు వచ్చిందన్నాడు. వెర్రియుస్ ఫ్లాక్కుస్ అనే మరో పండితుడు, ఫలసాయమేమీ రాని చోటు గనుక ఆ పేరు వచ్చిందన్నాడు. 7వ శతాబ్దంలో సెవిల్ బిషప్పు ఇసిదోరు ఈ రెండు వ్యుత్పత్తులనూ తన గ్రంథంలో పక్కపక్కనే రాసిపెట్టాడు. రెండవది వ్యాకరణానికి నిలిచేది కాకపోవచ్చు. కాని అందులో చమత్కారముంది. పైసా రాల్చకపోయినా మనసు లాగే చోటుకు పెట్టిన పేరు, ఇవాళ చదరపు అడుగు ధర పెంచడానికి పనికివస్తోంది కదా!

ఇంగ్లీషులో మొదట్లో ఇది చోటు రమణీయతే. తరువాత మనుషుల మర్యాదలకూ పాకింది. ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడి కుశల ప్రశ్నలు వేసుకున్నా ఎమెనిటీసే. బ్రిటనులో 1909లో చేసిన నగర నిర్మాణ చట్టం పారిశుద్ధ్యంతో పాటు ఈ మాటనూ పేర్కొన్నది. ఊరికి మురుగుకాలువలు చాలవు, చూడముచ్చటగా కూడా ఉండాలని దాని భావం. క్రమంగా ముచ్చట పోయి కుళాయిలూ, కాలువలూ మిగిలాయి.

మనం దీన్ని సౌకర్యం అంటున్నాం. సుకరం అంటే సులువుగా చేయదగినది. ఆ సులువే సౌకర్యం. సదుపాయమంటే మంచి ఉపాయం. వసతి అంటే నివాసం. మూడూ మంచి మాటలే. అయితే మూడింటిలోనూ పని గడవడమే ఉంది గాని మనసు పడటం లేదు. అసలు మాటకు దగ్గర చుట్టం మన ‘ఆరామం’. మనసు రమించే చోటు గనుక తోట ఆరామమైంది. బౌద్ధ భిక్షువుల నివాసం సంఘారామమైంది. ద్రాక్షారామం మొదలైన పంచారామాల పేర్లలోనూ ఉన్నది ఆ మాటే.

ఇదంతా నిఘంటువుల ముచ్చట అనుకోకండి. మా కాలేజీలో చదివిన ఒక కుర్రవాడికి లారీ ప్రమాదంలో కాలు పోయింది. నష్టపరిహారపు తీర్పు కాగితం పట్టుకుని వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చాడు. మందుల ఖర్చు, పోయిన సంపాదన ఆయనకు తెలిశాయి. ‘లాస్ ఆఫ్ ఎమెనిటీస్’ దగ్గర వేలు ఆగిపోయింది.

“మాస్టారూ, ఈ పద్దేమిటండీ? మా ఇంట్లో సౌకర్యాలకేం లోటు రాలేదే!” అన్నాడు.

న్యాయస్థానాల్లో ఈ మాటకు పాత అర్థం ఇంకా కొనవూపిరితో ఉంది. 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్ని వివరిస్తూ నడవలేకపోవడం, పరుగెత్తలేకపోవడం, కూర్చోలేకపోవడం వంటివి ఉదాహరణలుగా చెప్పింది. మనిషి బతుకులోని సంతోషం పోయినందుకు కట్టే వెల అన్నమాట. అదే ఆయనకు చెప్పాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. “మావాడు కాలవకి అడ్డంగా ఈదేవాడండీ. రోజూ తిట్టేవాణ్ణి. అయితే దానికీ లెక్క కట్టారన్నమాట” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందుకని, కోర్టు కాగితాలు తెనిగించే మిత్రులకు ఒక్క మనవి. ఆ పద్దు దగ్గర ‘సౌకర్యాల నష్టం’ అని రాయకండి. చక్రాల కుర్చీ కొనిస్తే సౌకర్యం కొంతవరకు తీరుతుంది, కాలవలో ఈత తిరిగి రాదు. ‘జీవనానంద నష్టం’ అని రాయండి. చదివిన తండ్రికి అర్థమవుతుంది.