చిన్న ప్రోగ్రాములును, వానిని చేయువారును

ఇంటికి దూలమెంత ముఖ్యమో తలుపునకు గడియయు నంత ముఖ్యము. ఇల్లు చూడవచ్చినవారు దూలమును మెచ్చుకొందురుగాని గడియవంక చూడరు. అది ఊడిపోయిన రాత్రి మాత్రము ఇంటిల్లిపాదియు దానినే తలచుకొందురు. నేటి కంప్యూటరులందు పనిచేయు చిన్న చిన్న ప్రోగ్రాములును ఇట్టి గడియలే. వానిని గూర్చియు, వానిని ఒంటరిగా కూర్చుండి చేయువారిని గూర్చియు మా అభిప్రాయమును ఈ సంచికయందు విన్నవింపదలచితిమి.

చిన్న ప్రోగ్రామనగా మా భావమిది: పెద్ద కంపెనీ పెట్టుబడి లేక, ఒకరో ఇద్దరో పూనుకొని, బల్లమీది కంప్యూటరునందు ఒక్క పనిని చక్కగా చేయునట్లు అమర్చిన ఉపకరణము. 1996లో ఇర్ఫాన్ స్కిల్యాన్ అను నతడు ఛాయాచిత్రములను చూచుటకు ఇర్ఫాన్‌వ్యూను విడుదల చేసెను. 1999లో రష్యా దేశీయుడైన ఇగోర్ పావ్లోవ్ ఫైళ్లను కుదించి కట్టగట్టు 7-జిప్‌ను, 2003లో డాన్ హో అను నతడు వ్రాతపనికి నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్‌ను లోకమునకిచ్చిరి. ఈ మూడును నేటికిని వాడుకయందున్నవి. వీనిలో ఏదియు లోకమును తలక్రిందులు చేయుదునని చాటింపు వేసికొని రాలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న కష్టమును తీర్చెను, తీర్చుచునే యున్నది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పిల్లలకు ఈ సంగతి యేల యని కొందరు తలిదండ్రులడుగవచ్చును. కంప్యూటరు చదువనగా హైదరాబాదు చేరి పెద్ద కంపెనీలో ఉద్యోగము సంపాదించుటయే యను తలంపు మన పల్లెలలో పాతుకొనియున్నది. ఉద్యోగమును మేము నిందింపము. అప్పుచేసి చదివించిన తండ్రికి కుమార్తె తెచ్చు మొదటి జీతమెంత ఊరటయో ఎరుగుదుము. అయినను మా మాట యిది: పూర్తిచేసి పదిమంది చేతికిచ్చిన ఒక్క చిన్న ప్రోగ్రాము, సగములో నిలిచిన పది పెద్ద ఊహలకంటె విలువైనది. మరియు చేసినవారు తప్పుకొనిన పిమ్మట కూడ ఆ పని నిలుచునట్లు ఏర్పాటు చేయుట, చివర తలచుకొనవలసినది కాదు, మొదటనే తలచుకొనవలసినది.

ఇందుకు మన భాష కథయే సాక్ష్యము. తొలినాటి కంప్యూటరులయందు తెలుగు అక్షరములకు చోటు లేకుండెను. పని ఆగదు గనుక, ఫాంటులు చేసినవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు రూపములను కూర్చిరి. ఒక్కొక్కరి కూర్పు ఒక్కొక్క తీరు. అట్లు వ్రాసిన ఫైలును ఆ ఫాంటు లేని మరియొక కంప్యూటరునందు తెరచినచో అర్థములేని గుర్తులు మాత్రమే కనబడును. శుభలేఖయైనను, కథయైనను, సంఘపు లెక్కయైనను అదే గతి. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందు తెలుగునకు 128 స్థానములుగల వరుస యొకటి కేటాయింపబడెను. అయినను సామాన్యుల బల్లమీదికి అది వెంటనే రాలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతోకూడ గౌతమి ఫాంటు వచ్చిన తరువాతనే తెలుగునకు ఆ యంత్రములందు స్థిరమైన చోటు దొరకెను.

ఆ నడిమి కాలమున దారి వేసినవారిలో పలువురు తమంతట తాము పూనుకొన్నవారే. 1990 దశాబ్దపు ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందున్న కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు ఇంగ్లీషు మీటలతోనే తెలుగు మాటను వ్రాయు పద్ధతి యొకటి ఏర్పరచిరి. దానికి ఆర్.టి.ఎస్. అని పేరు. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన అను యూనికోడు ఫాంటులను తయారుచేసి ఉచితముగా పంచిరి. పోతన గారి ఇంటిపేరుగల బమ్మెర మన జనగామ జిల్లా పాలకుర్తి మండలమునందున్నది. ఆ పేరు అక్షరరూపమున దేశదేశముల తెరలపై నిలుచుట మనవారికి ప్రత్యేకముగా సంతోషము గలిగింపవలెను. వెన్న నాగార్జున గారు పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోనికి మార్చు పద్మ అను ఉపకరణమును చేసిరి. 2006లో వీవెన్ అను పేర ప్రసిద్ధులైనవారు లేఖినిని వెలువరించిరి. లేఖిని వెబ్‌పుటయే యైనను, అక్షరములను మార్చు పని వాడువారి కంప్యూటరునందే జరుగును.

లేఖినియందు వ్రాయు తీరు ఆర్.టి.ఎస్. వారిది, లోపల మాటలను మార్చు భాగము పద్మనుండి వచ్చినది. రామారావు గారును, కిశోర్ గారును తమ పద్ధతిని దాచుకొనలేదు. నాగార్జున గారు తమ ప్రోగ్రాము యొక్క మూలపు వ్రాతను దాచుకొనలేదు. అందుచేత మూడవవారు మొదటినుండి త్రవ్వక, ముందువారు విడిచిన చోటనే పలుగు వేయగలిగిరి. మూలమును మూసియుంచిన పక్షమున ఒక్కొక్కరి శ్రమ వారితోడనే ముగిసియుండెడిది. ఇది మా వాదమునకు ప్రాణము.

పెద్ద కంపెనీలు ఇప్పుడు తెలుగును ఉచితముగానే ఇచ్చుచుండగా ఒంటరివారి పాట్లు దేనికని కొందరందురు. ఆలోచింపదగిన ప్రశ్నయే. దీనికి రెండు సమాధానములు చెప్పెదము.

మొదటిది 2018 ఫిబ్రవరినాటి సంగతి. జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరము, నడుమ కంటికి కనబడని గుర్తొకటి చేరిన ప్రత్యేకపు కూర్పుతో వచ్చినప్పుడు, ఆపిల్ కంపెనీవారి ఐఫోనులలో సందేశములు చూపు ప్రోగ్రాములు నిలువునా కూలిపోయెను. ఆ నెల 19వ తేదీన కంపెనీవారు సవరణ విడుదల చేసిరి. దీనిని చెప్పుట ఎగతాళికి గాదు. పనివారు వేలకొలది యున్నను, ఆ అక్షరమును దినదినము వ్రాయువారు పరీక్షించినగాని కొన్ని లోపములు బయటపడవు. జకారము క్రింద ఞకారమును చేర్చుట మన పిల్లలకు పలకమీదనే వచ్చిన విద్య. అది చిన్న విద్య కాదని ఈ సంఘటన తెలుపుచున్నది.

రెండవది: పెద్దవారు ఇచ్చినది పెద్దవారే తీసివేయగలరు. గూగుల్ కంపెనీ విండోస్ కంప్యూటరులకొరకు తెలుగు మొదలగు పలు భాషలను వ్రాయు ఉపకరణము నొకప్పుడు ఉచితముగా నిచ్చుచుండెను. పిమ్మట దానిని నిలిపివేసెను. మానుటకు వారికి హక్కు గలదు. అయినను దానిపైననే ఆధారపడిన గుమాస్తాకు మరుసటి దినము పని జరుగవలెను గదా! మూలము చేతనున్న చిన్న ప్రోగ్రాము ఇట్లు ఒక్కరి నిర్ణయముచేత అదృశ్యము కాదు.

ఇక జీవనము సంగతి. ఇట్టి పనివలన కడుపు నిండునా? చాలమందికి నిండదు, ఆ మాట పిల్లలకు దాచరాదు. కన్నడ దేశీయుడైన శేషాద్రివాసు చంద్రశేఖరన్ గారు 1998లో బరహ అను ప్రోగ్రామును వెలువరించిరి. మొదట కన్నడమునకు, పిదప తెలుగు మొదలగు భాషలకును అది పనికివచ్చెను. మొదట ఉచితము, తరువాతి కూర్పులకు కొంత రుసుము. కష్టపడినవారు వెల అడుగుట దోషము కాదు. బంగ్లాదేశమునందు మెహదీ హసన్ ఖాన్ అను వైద్యవిద్యార్థి వంగభాషను వ్రాయుటకు అభ్రో అను ప్రోగ్రామును 2003 మార్చి 26న విడుదల చేసి ఉచితముగా నిచ్చెను. తరువాత మూలమును సైతము వెల్లడించిరి. సహాయకులు తోడైరి. 2025లో అతనికిని, ముగ్గురు సహచరులకును ఆ దేశప్రభుత్వము ఏకుషే పదక్ అను గొప్ప పురస్కారము నొసగెను. వైద్యము చదువుచునే అతడీ పనికి పూనుకొనెను. చదువును విడిచి దీనిలో దుముకుమని మేము ఏ విద్యార్థికిని చెప్పము. చదువుతోపాటు దీనికొక గంట నిలుపుమని మాత్రము చెప్పుదుము.

ప్రోగ్రాములు చేయువారికి మంచి ఆచారమొకటి కలదు. తమ పని ఎంతవరకు వచ్చెనో, ఇకముందు ఏమి చేయదలచిరో, అప్పుడప్పుడు వ్రాసి ప్రకటింతురు. మన విద్యార్థులలో ఎవరైనను ఇట్టి పనికి పూనుకొనినచో ఆ వ్రాతయందు నాలుగు సంగతులుండవలెనని మా కోరిక. మొదటిది, నేడు నిజముగా పనిచేయుచున్నదేదో అదియే చెప్పవలెను; రేపు చేయబోవుదానిని చేసినట్లు చెప్పరాదు. రెండవది, తెలిసిన లోపములను దాచక వ్రాసి, క్రొత్త హంగులకు ముందు వానిని సరిచేయవలెను. కారుచున్న కప్పుక్రింద రంగులు వేయుట బుద్ధిమంతుల పని కాదు. మూడవది, వాడువారు వ్రాసికొనిన లెక్కలును, మాటలును మరియొక ప్రోగ్రాము కూడ చదువగల సాదా రూపమున నుండవలెను. పాత ఫాంటుల కథ మరల జరుగరాదు. నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది: నా తరువాత ఎవరు? మూలము ఎక్కడ నున్నది, దానిని మార్చుటకు ఎవరికి అనుమతి గలదు, పనియెరిగిన రెండవ మనుష్యుడెవరు? పెంబర్తి ఇత్తడి పని తరతరములుగా నిలిచినదన్నచో, పెద్దవాడు తన చేతి సుత్తిని పిన్నవాని చేతికిచ్చి ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నందువలననే గదా!

ఇవన్నియు దూరపు మాటలు కావు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ 10నకు సాధారణ మద్దతును ముగించెను. ఆ తరువాతి కూర్పైన విండోస్ 11ను పాత యంత్రములనేకము స్వీకరింపవు. సవరణలు రాని యంత్రమును ఇంటర్నెట్టునకు కలిపియుంచుట అపాయకరము. అట్లని బాగున్న యంత్రమును పాతసామానువానికి తూచి యిచ్చుట న్యాయమా? ఉచితముగా లభించు లినక్సు నెక్కించి, తేలికైన చిన్న ప్రోగ్రాములను అమర్చినచో ఆ యంత్రమే మరికొన్ని సంవత్సరములు పిల్లలకు పాఠము చెప్పగలదు. తెలుగునందు అట్టి ఏర్పాటుకొరకు హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు చేసిన కృషి చెప్పుకొనదగినది.

చేయదగిన పనులు మన కాళ్లయొద్దనే యున్నవి. జనగామ మార్కెట్టునకు వడ్లు తెచ్చిన రైతునకు తూకము, తరుగు, హమాలీ పోగా చేతికి రావలసిన దెంతయో చూపు ప్రోగ్రాము చాలదా? భూపాలపల్లి బొగ్గుగనులలో షిఫ్టుల వంతున పనిచేయు తండ్రి ఏ వారము ఏ వేళకు వచ్చునో ఇంటివారికి తెలుపు చిన్న పట్టిక చాలదా? మహబూబాబాదు తండాలలో లంబాడీ మాటలాడు పిల్లలును, అడవి పల్లెలలో కోయ మాటలాడు పిల్లలును బడికి వచ్చి తెలుగు నేర్చుచున్నారు. అవ్వయొద్ద విన్న మాటలను తెలుగు లిపిలో వ్రాసి, ప్రక్కన తెలుగు అర్థము చేర్చి, అకారాది క్రమమున వెదకుటకు వీలగు చిన్న పదకోశమును ఆ పిల్లలే చేయగలరు. దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. పాత యంత్రము చాలును. ఆ పదకోశమును ఆ పిల్లలకంటె చక్కగా చేయగలవారు మహానగరములందైనను దొరకరు.

తలిదండ్రులారా, మీ కుమారుడో కుమార్తెయో కంప్యూటరు ముందు కూర్చుండి, పది పంక్తులు వ్రాసి, తొమ్మిది తుడిచివేయుచున్నచో కాలము వ్యర్థమగుచున్నదని వెంటనే కోపపడకుడు. ఏమి చేయుచుంటివి, ఎవరికొరకని అడుగుడు. జవాబు రెండు మాటలలో వచ్చినచో కొంతకాలము ఓర్చుకొనుడు. తోడి ఉపాధ్యాయులారా, ప్రదర్శనలయందు మనము పెద్ద పేరుగల నమూనాకే బహుమతి నిచ్చుచుందుము. ఇకమీదట, ఒక్క మనుష్యునికైనను ఆరు నెలలు ఉపయోగపడిన పనికి మొదటి బహుమతి నిచ్చుట మేలని మా సూచన.

ప్రియ విద్యార్థులారా, చిన్నదానితో ప్రారంభింపుడు, దానిని పూర్తిచేయుడు, దాని లోపములను వ్రాసిపెట్టుడు, మూలమును మీ తరువాతి తరగతివారి చేతికిచ్చి వెళ్లుడు. వచ్చు సంవత్సరపు సంచికయందు మీ పనుల వృత్తాంతమును, మీరు పని అప్పగించినవారి పేర్లతో సహా, ప్రకటించు భాగ్యము మాకు కలుగునుగాక.