ఖాళీగా ఉండవలసిన గడి

నా పూర్వ విద్యార్థిని ఒకామె గోవా వారింటి కోడలు. భర్తకు ముత్తవ్వ అయిన ఒకామె జ్ఞానస్నానం నమోదైన పాత పోర్చుగీసు చర్చి పుస్తకంలోని పుటకు నకలు తెప్పించి, అందులో రెండు మాటల కింద గీత గీసి నాకు పంపింది. ‘పాయ్ ఇంకోగ్నితు’ అట. తండ్రి అజ్ఞాతుడని అర్థం. “మాస్టారూ, ఇలా పుట్టినవారిని తెలుగులో ఏమంటారు? తిట్టు కాని మాట చెప్పండి” అని అడిగింది.

తిట్టు కాని మాట వీధిలో దొరకలేదు గాని ధర్మశాస్త్రంలో దొరికింది. మనువు పన్నెండు విధాల పుత్రులను లెక్కపెట్టాడు. కన్యకు పుట్టినవాడు కానీనుడు. మనకందరికీ తెలిసిన కర్ణుడు. ఇంట్లోనే పుట్టి, ఎవరివలన పుట్టాడో తెలియనివాడు గూఢోత్పన్నుడు. కన్నవారు విడిచిపెట్టగా ఇంకొకరు చేరదీసినవాడు అపవిద్ధుడు. చివరి ఇద్దరినీ వారసత్వం గల మొదటి ఆరుగురిలోనే చేర్చాడు. కానీనుణ్ణి మాత్రం బంధువే గాని వారసుడు కాడని రెండవ ఆరుగురిలోకి నెట్టాడు. ఆమె అడిగింది ఒక స్త్రీని గురించి. కూతుళ్లకు ఆ పట్టికలో చోటే లేదు. అది వేరే పంచాయితీ.

ఆ పోర్చుగీసు పుస్తకాల సంగతి చదివినకొద్దీ నాకు ఆశ్చర్యం కలిగింది. జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రుల పేర్లు పుస్తకంలో వ్రాయాలని 1563లో ట్రెంట్ మహాసభ శాసించింది. అందువల్ల తండ్రి పేరు లేనిచోట కూడ తల్లి పేరు, ఆమె ఊరు, తరచు ఆమె తల్లిదండ్రుల పేర్లు, బిడ్డను ఎత్తుకున్న జ్ఞానపితరుల పేర్లు మిగిలి ఉంటాయి. వెదికేవారు వాటిని పట్టుకొని వెనక్కు నడుస్తారు. ఆ బిడ్డ పెళ్లినాటి నమోదులో ఒక్కొక్కప్పుడు తండ్రి పేరు బయటపడుతుంది. తల్లి కూడ తెలియని బిడ్డలకు వేరే దారి. 1783లో పోర్చుగల్ ప్రభుత్వం ఊరూరా గోడలో తిరిగే చక్రపు తొట్టెలు పెట్టించింది. బిడ్డను అందులో ఉంచి చక్రం తిప్పితే లోపలివారు అందుకునేవారు. బిడ్డ ఒంటిమీది గుడ్డలను, కూడా పెట్టిన చీటీని, రిబ్బను ముక్కను లోపలివారు వ్రాసి ఉంచేవారు, ఎప్పటికైనా తల్లి తిరిగివస్తే ఆనవాలు పట్టడానికి.

మన తీరంలో కథ తలక్రిందులు. మద్రాసు రాజధాని చర్చి పుస్తకాల నకళ్లు 1698 మొదలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కుంపిణీ ఉద్యోగికి ఈ దేశపు స్త్రీవలన కలిగిన బిడ్డ నమోదు చూస్తే తండ్రి పేరు ఉంటుంది. చాలచోట్ల తల్లి పేరే ఉండదు. అక్కడ అజ్ఞాత తల్లి. నవమాసాలు మోసిన మనిషి తెలియకపోవడమేమిటి? వ్రాసేవాడు అడగలేదు, అంతే.

వ్రాసేవాణ్ణి ఇంత సులువుగా తప్పుపట్టే అర్హత నాకు లేదు.

1986 జూన్‌లో మా పిట్టలవానిపాలెం పరిసరాల్లో ఒక బడిలో అడ్మిషన్ రిజిస్టరు నా చేతిలో ఉండేది. కూలిపనికి వలస వచ్చిన ఒకామె ఆరేళ్ల కూతురిని తీసుకొచ్చింది. తండ్రి పేరడిగాను. “ఆ పేరు మాకొద్దు బాబూ. నా పేరు రాసుకోండి” అంది. గడి ఖాళీగా ఉంచకూడదన్నాను. రేపు పిల్లకు ఇబ్బంది అవుతుందని పెద్దరికం చూపించాను. నీకు అన్నదమ్ములున్నారా అని అడిగి, ఆ అన్న పేరు తండ్రి గడిలో వ్రాసేశాను. ఆమె ఇంకేమీ అనలేదు. వేలిముద్ర వేసింది. ఆ సంవత్సరమే సత్యకామ జాబాలుని కథ పిల్లలకు తన్మయంగా చెప్పాను. తండ్రి ఎవరో తెలియదని నిజం చెప్పిన పిల్లవాణ్ణి తల్లి పేరుతోనే శిష్యుడిగా స్వీకరించిన గురువు గౌతముడు. నేను స్వీకరించనిది ఆ నిజాన్నే.

ఆ పిల్ల పెద్దదై, తల్లి పోయాక, టి.సి.లోని పేరు పట్టుకొని తల్లి పుట్టిన ఊరు వెళ్లింది. ఆ పేరు గలాయన నీకు మేనమామ గదా అన్నారు అక్కడివారు. తరువాత వారు ఏమనుకొని ఉంటారో, ఆమె మొగం చూసి ఏమి గుసగుసలాడుకొని ఉంటారో వ్రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ‘అజ్ఞాతుడు’ అని వ్రాసిన ఆ చర్చి గురువు ముత్తవ్వ జాడ చెరపలేదు. దయతో వ్రాసిన నేను చెరిపాను.

ఇప్పుడు చట్టం నాకంటె మెరుగైంది. పెళ్లికాని తల్లి తండ్రి పేరు చెప్పనక్కరలేదని, ఆమె ప్రమాణపత్రంమీదనే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015 జూలై 6న సుప్రీంకోర్టు చెప్పింది. 2016 డిసెంబరు నుండి పాస్‌పోర్టుకు తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలు. అయినా గడి ఖాళీ ఉంటే మనకు చెయ్యి దురద. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరులోని ‘ఎస్’ తల్లి షణ్ముఖవడివు. ఆ అక్షరం వల్ల పాటకేమైనా లోటు వచ్చిందా? ఖాళీని ఖాళీగా ఉంచండి. తల్లి పేరు ముందు వ్రాయండి. తెలియనిదాన్ని తెలియదనే వ్రాయండి. ఇప్పటికీ రిజిస్టర్లు వ్రాస్తున్న నా తోటి ఉపాధ్యాయులకు ఇది నా మనవి.

కొన్నేళ్ల క్రితం ఆమె మా ఇంటికి వచ్చింది. దెబ్బలాడుతుందనుకున్నాను. మంచినీళ్లు తాగి, “ఆ రోజు మా అమ్మ మీతో ఏమంది మాస్టారూ?” అని మాత్రం అడిగింది. చెప్పాను. ఆ మాటలే కాగితంమీద వ్రాసి, కింద సంతకం పెట్టి ఇమ్మంది. వ్రాసి, తారీఖు వేసి ఇచ్చాను. రెండుసార్లు చదువుకొని, మడిచి, తల్లి ఫోటో ఉన్న సంచిలో పెట్టుకుంది.