ముప్పావు ట్యాంకు

సింగపూర్ నుంచి కారులో జొహోర్ బారు వెళ్ళాలంటే పాస్‌పోర్టుతో పాటు పెట్రోలు ముల్లు కూడా చూసుకోవాలి. ఇక్కడ రిజిస్టరైన కారు దేశం దాటేటప్పుడు ట్యాంకు కనీసం ముప్పావు వంతు నిండి ఉండాలి. లేకపోతే జరిమానా. 1989లో సగం ట్యాంకుతో మొదలైన ఈ నియమం 1991లో ముప్పావైంది. అవతల మలేషియాలో పెట్రోలు చవక మరి. ఖాళీ ట్యాంకుతో వెళ్ళి నింపుకొచ్చేస్తే ఇక్కడ వేసే పన్నుకు అర్థమే ఉండదు.

మొదటిసారి విన్నప్పుడు ఇదేం చాదస్తం అనుకున్నాను. ఎందుకంటే ఈ ఊళ్ళో చమురుకు కొరత లేదు. భూమిలో చుక్క లేకపోయినా 1961 నుంచి బుకోమ్ దీవిలో శుద్ధి కర్మాగారం నడుస్తోంది. ప్రపంచంలో ఓడలకు అన్నిటికంటే ఎక్కువ ఇంధనం నింపే రేవు ఇదే. అంత చమురు ముంగిట్లోంచి పోతుంటే, ఇంట్లోవాళ్ళని మాత్రం పొదుపుగా వాడుకోమంటారు!

విదేశీ చమురు మీద ఆధారపడటం తగ్గాలని మన దేశంలో ఎప్పుడు చర్చ వచ్చినా మొదటి మాట "మన చమురు మనమే తీసుకుందాం" అన్నదే. కేజీ బేసిన్ గురించి ఎన్ని కలలు కన్నాం! తీరా చూస్తే డీ6లో ఉత్పత్తి పడిపోయింది. వేమగిరి, కొండపల్లిలో కోట్లు పోసి కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ లేక ఏళ్ళ తరబడి పడకేశాయి. 2014లో నగరం గ్రామంలో పైపులైన్ పేలి ప్రాణాలు పోయినవాళ్ళకు ఆ గ్యాస్ ఇచ్చిందేమిటో నాకైతే తెలియదు. విశాఖలో కొండ తొలిచి 13.3 లక్షల టన్నుల చమురు దాచే నిల్వ కేంద్రం కట్టారు. మంచిదే. కానీ అది దేశానికి సుమారు రెండు రోజుల వాడకం. ఇప్పటికీ ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తోంది.

సింగపూర్ ఇంకో కొసనుంచి నరుక్కొచ్చింది. 1975లో ఊరి నడిబొడ్డుకు కారులో రావాలంటే రుసుము పెట్టింది. 1982లో ఎమ్‌ఆర్‌టీ కట్టాలని తేల్చుకుంది, 1987లో మొదటి రైలు నడిపింది. 1990లో కారు కొనే హక్కునే వేలానికి పెట్టింది. 2018లో కార్ల సంఖ్య పెరుగుదల రేటును సున్నాకు దించింది. ఇదంతా చమురు కోసం చేసింది కాదు. చిన్న దీవి, రోడ్లకు చోటు లేదు, అందుకని చేసింది. చమురు ఆదా ఊరికే కలిసొచ్చింది.

ఇక్కడా లోపాలున్నాయి. 2023 అక్టోబరులో పెద్ద కార్ల అనుమతి ధర లక్షన్నర డాలర్లు దాటింది. అంటే డబ్బున్నవాడు తిరుగుతాడు, లేనివాడు రైలెక్కుతాడు. కరెంటు దాదాపు 95 శాతం దిగుమతి గ్యాస్‌తోనే తయారవుతుంది. కాబట్టి విద్యుత్ కారు కొన్నా పరాయి ఇంధనం మీదే తిరుగుతున్నట్టు. తెంగే జలాశయం మీద తేలే సౌర పలకలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, అవి ఈ లెక్కను పెద్దగా మార్చలేవు.

అయినా ఒక్క విషయంలో వీళ్ళది న్యాయం అనిపిస్తుంది. పెట్రోలు మీద పన్ను బాదడం మనకూ బాగానే వచ్చు. ఇక్కడ ఆ బాదుడుతో పాటు ఇంటి దగ్గర బస్సూ ఉంది. మన దగ్గర విజయవాడ, విశాఖ మెట్రోల ముచ్చట 2014 విభజన చట్టంలోనే ఉంది. రైలు ఇంకా రాలేదు.

మా నాన్న ఇక్కడికొచ్చిన రెండు నెలలూ కార్డు జేబులో వేసుకుని, ఎవరి సాయం లేకుండా బస్సుల్లో దీవంతా చుట్టేశారు. సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి నెలలో ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు. ఇంటికి తిరిగి వెళ్ళిన మర్నాడే ఫోన్ చేశారు. గుడికి బయల్దేరారట, డెబ్బై రెండేళ్ళ వయసులో, స్కూటర్ మీద. దారిలో పెట్రోలు కొట్టించుకోవాలని పెందలాడే బయల్దేరానన్నారు.