మైనపు చొక్కా

పిల్లలూ! ముప్పై ఏళ్ళకు పైగా బడిలో మీబోటి వాళ్ళ తప్పులు దిద్దాను. ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాను.

అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దాకా నడిచి వెళ్ళటం నాకు అలవాటు. పోయిన నెల ఒకనాడు మా మనవరాలు కూడా వెంట వచ్చింది. అది ఆరో తరగతి చదువుతున్నది. తిరిగి వస్తూ ఒక తోపుడు బండి దగ్గర ఆగి ఆపిల్ పండ్లు బేరం చేశాను. పండ్లు అద్దంలాగా మెరుస్తున్నాయి. మా పిల్ల ఒక పండు తీసుకుని గోటితో గీరింది. గోటి సందులోకి తెల్లటి పొడివంటిది వచ్చింది.

"తాతయ్యా, మైనం!" అన్నది.

నాకు కోపం వచ్చింది. "ఏమయ్యా, పిల్లలు తినే పండ్లకు మైనం పూసి అమ్ముతావా?" అని గట్టిగా కేకవేశాను.

బండి అతను తెల్లబోయాడు. "నేనేం పూయలే సారూ! డబ్బాల ఎట్లొచ్చినయో అట్లనే అమ్ముతున్న" అన్నాడు.

అప్పటికే పండ్లు ఏరుకున్న ఇద్దరు ఆడవాళ్ళు వాటిని మళ్ళీ బండి మీద పెట్టేసి వెళ్ళిపోయారు. నేను ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికి వచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర మా మనవరాలు, "తాతయ్యా, మైనం అతనే పూశాడని నీకెట్లా తెలుసు? అసలది చెడ్డదని ఎట్లా తెలుసు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. బడిలో అయితే ఇటువంటి ప్రశ్నకు "తెలుసుకుని రా" అని పిల్లల్ని పంపేవాణ్ణి. ఈసారి నేనే వెళ్ళవలసి వచ్చింది. ఆ వారమంతా గ్రంథాలయంలో కూచుని చదివాను. తెలుసుకున్నది చెబుతాను, వినండి.

చెట్టు నుంచి కోసినంత మాత్రాన పండు చచ్చిపోదు. అది మనలాగే ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ప్రాణవాయువును లోపలికి తీసుకుని, బొగ్గుపులుసు వాయువును బయటికి వదులుతుంది. తనలో దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటుంది. తోలుగుండా నీరు కూడా ఆవిరై పోతూ ఉంటుంది. చెట్టు మీద ఉన్నప్పుడు పోయిన నీటిని వేళ్ళు తెచ్చి ఇచ్చేవి. కోసిన తరవాత ఇచ్చేవాళ్ళెవరు? అందుచేత పండు ముడతలు పడి, మెత్తబడి, చివరకు కుళ్ళిపోతుంది.

దీనికి ప్రకృతి ఒక ఉపాయం చేసింది. ఆపిల్ తన తోలు మీద తానే పలచగా మైనం తయారుచేసుకుంటుంది. అయితే తోట నుంచి వచ్చిన పండ్లను దుమ్ము పోయేటట్టు కడిగినప్పుడు ఈ మైనం కూడా కొంత పోతుంది. పోయినదానికి బదులుగా తినదగిన మైనాన్ని పలచగా పూసి పెట్టెల్లో సర్దుతారు. చొక్కా చిరిగిన పిల్లవాడికి మరో చొక్కా తొడిగినట్టన్నమాట!

ఇదేమీ నిన్న మొన్నటి విద్య కాదు. పన్నెండో, పదమూడో శతాబ్దాలలోనే చైనాలో నారింజలకు, నిమ్మపండ్లకు మైనం పూసేవారట. మన దేశంలో 1950లో మైసూరులో స్థాపించిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పండ్లకు పూసే మైనపు ద్రవాలను తయారుచేసింది.

మైనాల్లో చాలా రకాలున్నాయి. తేనెతుట్టె నుంచి వచ్చేది ఒకటి. బ్రెజిల్ దేశంలో ఒక జాతి తాటిచెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం మరొకటి. మూడోది లక్కకు సంబంధించినది. మోదుగ మొదలైన చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు దాన్ని తయారుచేస్తాయి. మన లాడ్‌బజారు గాజులకు వాడేది ఆ లక్కనే! తాజా పండ్లకు ఈ మూడు మైనాలను పూయటానికి మన దేశపు ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తున్నాయి. కాని, ఏ మైనం పూశారో చీటీ మీద రాసి తీరాలి.

ఇదంతా చెప్పినా మా పిల్ల ఊరుకోలేదు. "చూస్తేగాని నమ్మను" అన్నది. అది సరైన మాటే. అందుచేత ఇద్దరం కలిసి ఒక పరీక్ష చేశాం. ఒకే మోతాదుగా ఉన్న ఆరు నిమ్మకాయలు తెచ్చి, కడిగి, గుడ్డతో తుడిచాం. మూడింటికి కొబ్బరినూనె పలచగా రాశాం. మూడింటిని ఊరికే వదిలేశాం. అన్నిటినీ వంటింటి అలమరలో పెట్టాం. వారం రోజులకు నూనె రాయని కాయలు వడలి, తోలు గట్టిపడి ఉన్నాయి. నూనె రాసినవి ఇంకా మెత్తగా, పచ్చగా ఉన్నాయి.

"అయితే నూనె బోలెడంత రాస్తే ఏడాదిపాటు ఉంటాయా?" అని అడిగింది.

ఉండవు. పూత మరీ మందంగా ఉంటే పండుకు ఊపిరి ఆడదు. ప్రాణవాయువు అందని పండు లోపల పులిసిపోయి, సారా వాసన వేస్తుంది. నీటిని ఆపాలి, గాలిని కొంచెం పోనివ్వాలి. పూత తయారుచేసేవారి నేర్పంతా ఇందులోనే ఉన్నది.

"నీరు పోకుండా పూత ఆపుతుంది, సరే. మరి బూజును ఎవరు ఆపుతారు?" అని మళ్ళీ అడిగింది.

ఈ ప్రశ్నకు జవాబు మా ఇంటావిడ దగ్గర దొరికింది. ఆమె అప్పుడే గోరువెచ్చని పాలలో తోడు వేస్తున్నది. ఎండాకాలంలో పాలు బయట పెడితే సాయంత్రానికి విరిగిపోతాయి. అవే పాలు తోడుపెడితే పెరుగై మర్నాటికి కూడా పనికి వస్తాయి. ఇందుకు కారణమేమంటే, తోడులో కంటికి కనపడని మంచి సూక్ష్మజీవులున్నాయి. ఇవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ పులుపులో చాలా రకాల చెడు సూక్ష్మజీవులు పెరగలేవు. ముందుగా వచ్చి కూచున్న మంచివాళ్ళు దొంగలకు చోటివ్వనట్టే!

పులిసిన పాలు తాగే బల్గేరియా పల్లె జనం ఎక్కువకాలం బ్రతకటానికి ఈ జీవులే కారణమని మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు సుమారు నూరేళ్ళకు పైగా క్రితం అన్నాడు. ఆయనకు 1908లో వేరొక పరిశోధనకు నోబెల్ బహుమానం వచ్చింది. దీర్ఘాయువు సంగతి రుజువు కాలేదు గాని, ఆ ఆలోచన మటుకు నిలిచింది. తగినంత సంఖ్యలో లోపలికి వెళ్ళి, ఆరోగ్యానికి మేలుచేసే బ్రతికి ఉన్న సూక్ష్మజీవులను ఇప్పుడు ప్రోబయాటిక్స్ అంటున్నారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఈ నిర్వచనం చెప్పాయి. "బ్రతికి ఉన్న" అన్న మాట గుర్తుంచుకోండి. మజ్జిగపులుసు కాచినప్పుడు పెరుగులోని ఈ జీవులు చాలావరకు చనిపోతాయి. రుచికి పులుసు తినండి. ఈ జీవులు కావాలంటే చల్ల తాగండి. అయితే మనింటి పెరుగులో ఏయే జాతులు ఎన్నెన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు గనక, అది మందు కాదు, మంచి ఆహారం.

ఇప్పుడు చొక్కాను, తోడును ఒకచోట చేర్చండి! 2007లో కొందరు శాస్త్రజ్ఞులు సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో మంచి సూక్ష్మజీవులను కలిపి, కోసిన ఆపిల్, బొప్పాయి ముక్కలకు పూశారు. చల్లటి చోట పది రోజులు ఉంచినా ఆ పూతలో జీవులు బ్రతికే ఉన్నాయి. అటువంటి పూతలు బూజును కూడా ఆపేటట్టు చేయాలని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి.

ఒక సంగతి మరవకండి. పూత చెడ్డ పండును మంచిది చేయలేదు. మెరుపు చూసి మోసపోక, మచ్చలు, మెత్తదనం చూసి కొనండి. ధార నీళ్ళలో రుద్ది కడిగి తినండి. నీళ్ళకు మైనం పోకపోవచ్చు గాని, దుమ్ము పోతుంది. తినదగిన మైనం మన కడుపులో అరగదు. వచ్చినట్టే బయటికి పోతుంది.

మరి గోటితో గీరితే ఏ మైనమో తెలుస్తుందా? తెలియదు. పండు సొంత మైనమో, పూసిన మైనమో కూడా తెలియదు. నేను చేసిన తప్పు ఇదే. చూడవలసింది పెట్టె మీది చీటీని.

వారం తరవాత మనవరాలిని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ బండి దగ్గరికి వెళ్ళాను. నలుగురూ పండ్లు కొంటున్న సమయం చూసుకునే వెళ్ళాను. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కు తీసుకోవాలి గదా!

"ఆనాడు నిన్ను అన్న మాట తప్పయ్యా. తెలియక అన్నాను" అన్నాను.

అతను కాసేపు నావంక చూశాడు. "ఆ దినం సగం పండ్లు మిగిలిపోయినయ్ సారూ" అన్నాడు, అంతే. ఆ మాట నాకు కొరడా దెబ్బలాగా తగిలింది.

పండ్ల పెట్టె చూపించమన్నాను. దాని మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలతో కార్నౌబా మైనం పూసినట్టు రాసి ఉన్నది. అది అతను చదవలేడు. నేను అడగనే లేదు. మా మనవరాలు పాత అట్టముక్క ఒకటి తీసుకుని, "ఈ పండ్లకు తినదగిన మైనం పూత ఉన్నది. కడిగి తినండి" అని గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి బండికి కట్టింది.

పిల్లలూ! నిమ్మకాయల పరీక్ష మీరూ చేసి చూడండి. ఏ రోజున ఏ కాయ ఎట్లా ఉన్నదో పుస్తకంలో రాసుకోండి. మైనం సంగతి ఎవరైనా అడిగితే, ముందు పెట్టె మీది చీటీ చదివి, ఆ తరవాతనే జవాబు చెప్పండి.