పక్క మంచం వాడే మన పొరుగువాడు

మన గ్రూపులో అన్ని మతాల వాళ్లం ఉన్నాం. ఇది బైబిల్లో మాటే అయినా క్యాంపులో ఉండే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మనల్ని మనం ఎంత చూసుకుంటామో పొరుగువాడినీ అంతే ప్రేమతో చూసుకోవాలని అందులో ఉంది. మరి పొరుగువాడు ఎవడు? ధర్మశాస్త్రం చదివిన ఒకాయన యేసును ఇదే అడిగాడు. ఆయన ఒక కథ చెప్పాడు. యెరూషలేము నుంచి యెరికో పోయే దారిలో దొంగలు ఒకడిని కొట్టి పడేశారు. యాజకుడు చూసి పక్క నుంచి పోయాడు. లేవీయుడూ అంతే. ఆగింది సమరయుడు. యూదులకు, సమరయులకు పొత్తే లేదు. అయినా గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, రెండు దేనారాలు ఇచ్చాడు. అప్పట్లో దేనారం అంటే ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి అంటే ఏంటో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

మనం మాత్రం ముందు "వీడు మనోడేనా" అని చూస్తాం. ఊరు, కులం, ఆంధ్రానా తెలంగాణనా అని చూస్తాం. బంగ్లాదేశ్ వాడో నేపాల్ వాడో పడిపోతే "వాళ్లోళ్లు చూసుకుంటారులే" అంటాం. ఎండ పాస్‌పోర్టు చూసి కొట్టదు కదా.

ఇక్కడ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలని రూల్ ఉంది. కానీ సైట్‌లో 11 గంటలకే కళ్లు తిరిగేవాళ్లు ఉంటారు. మనకి కళ్లు తిరిగితే నీడకి పోతాం. పక్కవాడినీ నీడకి చేర్చండి. బట్టలు వదులు చేసి ఒళ్లు తడపండి, గాలి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు, అంబులెన్స్ కోసం 998కి ఫోన్ చేయండి. తోటి సూపర్‌వైజర్లకూ చెబుతున్నాను, పని గంట లేటైతే సర్దుకోవచ్చు, మనిషి పోతే తిరిగి రాడు.

"అప్పు చేసి వచ్చాం, పరాయి గొడవలో ఇరుక్కుంటే మన గతేంటి" అని కొందరు అంటారు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ సమరయుడు కూడా తన ప్రయాణం మానుకోలేదు. ఆ రాత్రి చూసుకుని, మిగతాది సత్రం వాడికి అప్పగించి, ఖర్చు ఎక్కువైతే మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానని వెళ్లాడు. ఒక్కడే మోయక్కర్లేదు. రూమ్‌లో ఎనిమిది మంది ఉంటే తలా పది దిర్హాములు వేసుకోండి. ఒకడు ఆసుపత్రికి తోడు పోవాలి, ఒకడు వాళ్లింటికి ఫోన్ చేయాలి.

లేవీయకాండం 19వ అధ్యాయంలో పొరుగువాడి మాటతో పాటు పరదేశిని కూడా అలాగే చూడమని ఉంది. ఎందుకంటే ఇశ్రాయేలీయులూ ఒకప్పుడు ఐగుప్తులో పరదేశులే. ఇక్కడ మనమూ అంతే.

ఈ రాత్రి పక్క మంచం వాడు తినకుండా పడుకుంటే తిన్నావా అని అడగండి. భాష రాకపోయినా పర్లేదు, ప్లేటు చూపిస్తే అర్థమవుతుంది.